చెరిపేసిన ముగ్గు

దిమ్మ మళ్ళీ పడింది. ధన్‌మంటూ నేలలోకి పోయిన ఆ అదురు ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళగుండా ఎక్కివచ్చి క్యారల్ నడుముకు తగిలింది. మూడు కాళ్ళ ఇనుప స్టాండు, పైన కప్పీ, కప్పీ మీంచి తాడు, తాడు చివర దిమ్మ. మోటారు తాడును లాగుతుంది, దిమ్మ పైకి పోతుంది, వదిలేయగానే కిందనున్న గొట్టం నెత్తిన పడుతుంది, గొట్టం కాస్త లోపలికి దిగుతుంది. ఎన్ని దెబ్బలకు ఎంత దిగిందో చూసి కింద నేల ఎలాంటిదో చెబుతారట. సులువుగా దిగిపోతే మెత్తన, ఎంత బాదినా దిగకపోతే గట్టి. ఇంత మాత్రానికి సాయిల్ టెస్టు అని పెద్ద పేరు. మనుషులకూ ఇలాంటి టెస్టొకటి ఉంటే పీడా పోయేది అనుకుంది క్యారల్. మొగుణ్ణి పట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టి నెత్తిన నాలుగు వేయిస్తే లోపల ఏం దాచాడో తేలిపోయేది, ఇన్నేళ్ళ కాపురంలో తన వల్ల కాని పని ఈ ఇనుప దిమ్మ ఒక్క పూటలో చేసిపెట్టేది. కానీ ఇవాళ తేలాల్సింది నేల సంగతే. కాదు, రెండూ ఒకటే. ఈ స్థలం కింద పూడ్చిన గుంత గనక ఉండి, ఆ సంగతి పాల్‌కు ముందే తెలిసి గనక ఉంటే, ఆమె ఇక్కడ కట్టబోయే ఇంట్లో కాలు పెట్టదు, ఆ మనిషి మాట ఇక బతికుండగా నమ్మదు. ఆటోలో వస్తూ వస్తూ ఆ మాట తనకు తాను గట్టిగానే చెప్పుకుంది, ఆటో అతను అద్దంలోంచి చూశాడు కూడా.

“నువ్వు రాకు క్యారల్, ఎండకు తలనొప్పొస్తది, నేను చూసుకుంట” అన్నాడు పాల్ నిన్న అన్నం తింటూ. తలనొప్పట. ఈమె తలనొప్పి గురించి ఆ మనిషి ఎన్నడు పట్టించుకున్నాడు గనక. మాత్ర వేసుకున్నావా అని పేపర్లోంచి తల ఎత్తకుండా అడగడం తప్ప. రెండో శనివారం, బడికి సెలవు, వస్తానంటే ఎందుకు వద్దంటాడు, కంచంలోకి చూస్తూ ఎందుకు చెబుతాడు. అసలు ఈ టెస్టే వద్దన్న మనిషి. ఇల్లు కట్టే మాట వచ్చినప్పటి నుంచీ ఆమె నేల చూపించాలి, నేల చూపించాలి అని పోరుతుంటే, యాప్రాల్ అంతా బండే, ఎక్కడ తవ్వినా రాయే, టెస్టు దండగ అని నెలల తరబడి నానబెట్టినవాడు, పోయిన వారం ఉన్నట్టుండి సరే అన్నాడు. అనడమే కాదు, మనుషుల్ని కూడా తనే మాట్లాడి వచ్చాడు. వాదించి వాదించి మొండికేసిన మనిషి ఒక్కసారిగా ఒప్పుకున్నాడంటే వాడికి ఎక్కడో ఇంకో దారి దొరికిందన్నమాట. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఆమె నేర్చుకున్న చదువు అది. అందుకే అతను పొద్దున్నే వచ్చి వీళ్ళకు స్థలం చూపించి ఆఫీసుకు పోయిన తర్వాత, చిలకలగూడలో ఇంటికి తాళం వేసి, చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కింది.

వచ్చీ రాగానే ఆ తెల్లటి మరక కంటపడింది. స్థలంలో బోరు, అంటే ఆ గొట్టం, దించాల్సిన చోట్ల ముగ్గు పోసి గుర్తు పెట్టారు, వీధి వైపు ఒకటి, నడుమ ఒకటి, వెనక వైపు ఒకటి. ఆ వెనకది నడుమ దానికి మరీ దగ్గరగా ఉంది, ఎవరో చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగినట్టు. దాని అసలు చోటు ఎక్కడా అని చూస్తే, వెనక ఎడమ మూలన, మిలిటరీ వాళ్ళ గోడ పక్కన, నేల మీద తెల్లగా ఒక అలుకు. ముగ్గు పోసి చెరిపేశారు. కాలితో చెరిపేశారు, బూటు అంచు గీసుకుపోయిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. పనివాళ్ళ కాళ్ళకు చెప్పులున్నాయి. ఇంజినీరు పద్మనాభం కాళ్ళకు కాన్వాస్ బూట్లున్నాయి. ఆఫీసు బూట్లు పాల్‌వి, నిన్న రాత్రి అతను పాలిష్ పెట్టుకుంటుంటే ఆమె చూసింది. పాలిష్ పెట్టుకున్న బూటుతో ముగ్గు చెరిపాడంటే ఎంత తొందర, ఎంత భయం. క్యారల్ ఆ మరక చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చి కుర్చీలో కూర్చుంది, ఏమీ చూడనట్టు. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి చూసి వెంటనే పట్టుకోకూడదు, ఇంకాస్త రాయనివ్వాలి.

క్యారల్‌ది అనుమానపు బుర్ర అని పద్మారావు నగర్‌లో ఆమె పనిచేసే బడిలో అందరికీ తెలుసు. హోంవర్కు పుస్తకం తెరవగానే అది పిల్లవాడు రాసిందా వాళ్ళ నాన్న రాసిందా అని అక్షరాల తోకలు చూసి చెప్పేస్తుంది. గ్యాస్ సిలిండరు ఎత్తి చూస్తుంది, పాలు వేలు ముంచి చూస్తుంది, చర్చిలో కొత్తగా వచ్చినవాళ్ళు మరీ గట్టిగా పాడుతుంటే వాళ్ళ ఊరేదో కనుక్కుంటుంది. వరంగల్‌లో చదువుతున్న కొడుకు రిచర్డ్ ఫోనులో బాగున్నానమ్మా అంటే, ఎందుకురా బాగున్నానంటున్నావు, ఏమైంది అంటుంది. వాడు నవ్వుతాడు. పాల్ నవ్వడు. పాల్ ఈ మధ్య ఆమె ఎదుట నవ్వడం తగ్గించేశాడు, అది కూడా ఆమె గమనించింది, గమనించి ఒక పక్కన పెట్టుకుంది. అనుమానపు మనుషులకు ఒక దురదృష్టం ఉంది, పదిసార్లు తప్పయినా ఎప్పుడో ఒకసారి వాళ్ళదే నిజమవుతుంది, ఆ ఒక్కసారి తర్వాత వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాదు. క్యారల్‌ది ఒకసారి నిజమైంది. గోడ విషయంలో.

ఆ గోడ. ధన్, ధన్, ధన్. చిలకలగూడలో అప్పుడున్న అద్దె ఇంటి పెరటి గోడ, సెప్టిక్ ట్యాంకు పక్కది, నెత్తి నుంచి మోకాళ్ళ దాకా ఒక పగులు. ఆమె ఆ పగులు చివర పెన్సిలుతో గీత గీసింది. వారానికి చూస్తే పగులు గీత దాటింది. ఇంకో గీత గీసింది. అదీ దాటింది. పాల్‌ను పిలిచి చూపిస్తే, ప్లాస్టర్ పగులది, సిమెంటు చెడిపోయింది అన్నాడు, ఓనరు మనిషిని పంపి పైపైన పూత పూయించాడు, ఆ పూత కింద ఆమె పెన్సిలు గీతలన్నీ పోయాయి. పోతే పోయాయి, పగులు పోలేదు. మళ్ళీ వానాకాలం వచ్చింది. రాత్రంతా కురిసి తెల్లారి వెలిసింది. తీగ మీద మర్చిపోయిన దుప్పటి తెద్దామని అత్తగారు పెరట్లోకి వెళ్ళింది. ఎమిలీ అత్తయ్య, ఎన్ని వేలమందికి సూది మందు వేశాయో ఆ చేతులు, నర్సుగా రిటైరయి కూడా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా నాడి పట్టుకుని కూర్చునే మనిషి, భీమవరం వైపు నుంచి కోడలిగా వచ్చిన తనకు ఈ ఊరి మాట, ఈ ఊరి మార్కెట్టు, ఈ ఊరి ఎండ అలవాటు చేసిన మనిషి. వంటింట్లో క్యారల్ టీ వడకడుతోంది. గోడ కూలిన చప్పుడు పెద్దగా కూడా రాలేదు, బస్తా దింపినట్టు వచ్చింది, అంతే. తర్వాత మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి తవ్వి చూసి, గోడ కింద ఉన్నది సొంత నేల కాదమ్మా, పోసిన మట్టి, ట్యాంకు నీళ్ళు కారి బురదైపోయింది అన్నారు. ఆ మాట ఆమె మెదడులో అలాగే ఉండిపోయింది. పోసిన మట్టి. దేవుడు చేసిన నేలా మనిషి పోసిన మట్టా, అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడల మొదళ్ళు చూడటం అలవాటైంది.

పాల్ మాత్రం ఆ గోడ గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, ఆ రోజూ లేదు, ఇవాళ్టి దాకా లేదు. సమాధి దగ్గర కూడా టోపీ చేత్తో పట్టుకుని, పక్కవాళ్ళు ఏడుస్తుంటే నేల వంక చూస్తూ నిలబడ్డాడు. నేను చెప్పానా లేదా అని ఆమె అనలేదు. అనకపోవడమే అనడమయిందేమో. రెండు సందుల అవతల ఇంకో ఇల్లు అద్దెకు తీసుకుని మారారు. తర్వాత ఈ స్థలం కొన్నారు, రిజిస్ట్రేషన్ రోజు ఇద్దరూ సంతకాలు పెట్టి బయటకు వచ్చి చెరకు రసం తాగారు, అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే భద్రయ్య షురూ అయ్యాడు. పాల్ ఫోను మోగితే వెలుగులో ఆ పేరు. ఎవరండీ అంటే ఆఫీసు మనిషి అన్నాడు. ఆఫీసు మనిషితో మాట్లాడటానికి మేడ మీదికి ఎందుకు పోవాలి. పొద్దున నడకకని వెళ్ళి చెప్పులకు ఎర్రమట్టితో ఎందుకు రావాలి, చిలకలగూడ రోడ్లలో ఎర్రమట్టి ఎక్కడుంది. ఇద్దరూ కూర్చుని గీయించుకున్న ఇంటి ప్లాను ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మారిపోయింది. వెనక హాయిగా ఉండాల్సిన వంటగది వీధి వైపు ఎడమ మూలకు వచ్చి కూర్చుంది. వెనక అనుకున్న నీళ్ళ సంపు ముందు కుడి మూలకు పోయింది. ఎందుకండీ అంటే, గాలి మంచిగొస్తది అన్నాడు. సంపుకు గాలెందుకు. అప్పుడే ఆమెకు తట్టింది, వెనక మూలలో నేల బాగాలేదు, గొయ్యి తవ్వితే బయటపడుతుంది, అందుకే తవ్వే పనులన్నీ అక్కడి నుంచి తప్పిస్తున్నాడు. స్థలం తెచ్చింది తనే కాబట్టి, మోసపోయానని పెళ్ళానికి చెప్పుకోలేక, పైన ఇల్లు కట్టేసి చేతులు దులుపుకుందామనుకుంటున్నాడు. భద్రయ్య బ్రోకరే అయ్యుంటాడు. లేదా గుంత పూడ్చిన లారీలవాడు.

ఇందాక మంచినీళ్ళిచ్చిన విజయమ్మ కూడా ఆ మాటే చెప్పింది. పక్క స్థలంలో లేస్తున్న ఇంటికి కావలి ఉండే మనిషి, కొంగు నడుముకు దోపుకుని, మిషను చప్పుడుకు వచ్చి నిలబడింది. “ముందుగాల ఈడంత గుట్టలే ఉండె టీచరమ్మా. రాయి కొట్టుకపోయినంక గుంతలు పడ్డయి. లారీలల్ల ఏందేందో తెచ్చి పోసిన్రు” అంది. ఎక్కడ పోశారు, ఈ స్థలంలోనా అని క్యారల్ అడిగితే, “గటు” అంటూ చెయ్యి చాచింది. ఆ చెయ్యి మిలిటరీ గోడ దగ్గర మొదలై, వెనక వీధి మీదుగా, వాటర్ ట్యాంకు దాకా పోయింది, సగం యాప్రాల్ అందులో పట్టేస్తుంది. కానీ మొదలైంది గోడ దగ్గరే కదా. క్యారల్‌కు అంత చాలు. ఆమె విజయమ్మ వంక కృతజ్ఞతగా చూసింది, లోకంలో ఒక్కరైనా నిజం చెప్పేవాళ్ళున్నారు.

ఒక్కటి మాత్రం కుదరడం లేదు. మారిన ప్లానులో మేడ మీది నీళ్ళ ట్యాంకు సరిగ్గా ఆ వెనక ఎడమ మూల మీదే ఉంది. మెట్లూ అక్కడే. ఇంట్లో బరువంతా అక్కడే. కింద గుంత ఉందని తెలిసినవాడు దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు పెడతాడా. ఇది తట్టగానే ఆమెకు ఒక్క క్షణం గుండె తేలికైంది, పాపం అనవసరంగా అనుకున్నానేమో అనిపించింది. క్షణమే. అనుమానానికి ఎదురు సాక్ష్యం వస్తే అది చావదు, ఇంకో గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. తన కళ్ళు కప్పడానికే పెట్టాడేమో. లేదా పెట్టమన్నది ఆ భద్రయ్యేమో, పాల్‌కు బుర్ర లేదు, ఎవరేం చెబితే అది వింటాడు. కాదు, అదీ కాదు, పాల్ ఎవరి మాటా వినడు. చర్చి కమిటీలో అతని నోటికి అందరూ హడలిపోతారు. పోయిన ఏడు రోనాల్డ్ గారు ఇంటి గేటు పీకించి ఇంకో వైపు పెట్టించారని తెలిసి, నిండు కమిటీలో నిలబెట్టి, అన్నా నువ్వు ప్రార్థన దేవునికి చేస్తవా గేటుకు చేస్తవా అని కడిగేశాడు. పాపం రోనాల్డ్ గారు నెల రోజులు వెనక బెంచీలో కూర్చున్నారు. ఎన్ని అనుమానాలున్నా ఆ ఒక్క విషయంలో పాల్‌ను అనుమానించే పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. అతని నమ్మకం మాత్రం బండ. మిగతాదే తెలియదు.

నడుమ బోరు ముగిసింది. మోటారు ఆగగానే చెవుల్లో ఒక గుయ్‌మనే నిశ్శబ్దం, దూరంగా ఎక్కడో మిలిటరీ వాళ్ళ పిల్లల బడిలో గంట. పనివాళ్ళు స్టాండు ఎత్తి, ఇవతలికి జరిపిన ఆ మూడో గుర్తు వైపు నడుస్తున్నారు. ఇప్పుడే. క్యారల్ లేచి నిలబడింది.

“పద్మనాభం గారూ, ఆ బోరు అక్కడ కాదు, ఆ మూలలో వేయండి.”

“ఆ మూలనా మేడమ్? సార్ ఆడ వద్దన్నరు కద.”

“ఎందుకు వద్దన్నారు?”

“అదైతే నాకు తెల్వది. ముందు మేం ఆడనే ముగ్గు పోసినం. సార్ వచ్చి చెరిపి, జెర ఇటు జరపమన్నరు. ఇంత చిన్న ప్లాటుల అంత ఫరక్ పడదు మేడమ్.”

“ఫరక్ పడదంటే అక్కడే వేయొచ్చుగా. స్థలం నా పేరు మీద కూడా ఉంది.”

పద్మనాభం టోపీ తీసి తల గోక్కుని, పనివాళ్ళకు చేత్తో ఆ మూల చూపించి, తను మాత్రం గోడ నీడలోకి పోయి ఫోను చెవికి పెట్టుకున్నాడు. వీపు ఇటు తిప్పి. పాల్‌కే. ఇంకెవరికి. చేయనీ. రానీ. ఆమె కుర్చీని కూడా తీసుకెళ్ళి ఆ మూల దగ్గర వేసుకుంది, చెరిపేసిన ముగ్గు పాదాల ముందు. దిమ్మ లేచింది, పడింది, గొట్టం వెన్నలోకి కత్తి దిగినట్టు దిగిపోయింది. మళ్ళీ లేచింది, పడింది, మళ్ళీ దిగింది. క్యారల్ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. వాళ్ళు గొట్టం పైకి లాగి మట్టి దులిపారు, నల్లగా, తడిగా, అందులో సిమెంటు సంచీ పీలికొకటి. “పైమట్టి మేడమ్, అన్ని జాగల్ల గిట్లనే ఉంటది” అన్నాడు పద్మనాభం ఫోను జేబులో పెట్టుకుంటూ. ఇలాగే అన్నాడు ఓనరు పంపిన మేస్త్రీ కూడా, పైపైన పగులేనమ్మా అని. ఆమె ఆ పీలికను చెప్పు కొనతో తిప్పి చూసింది. నిజం తెలుసుకోవాలని ఇంత దూరం వచ్చింది గానీ, నిజం ఇదే అయితే ఏం చేయాలో ఆలోచించుకోలేదు. కాలు పెట్టనంటుంది సరే, ఎక్కడికి పోతుంది. ఆ మనిషితో అదే అద్దె ఇంట్లో, అదే టేబుల్ దగ్గర, ఎదురెదురుగా కూర్చుని, రేపటి నుంచి అన్నం ఎలా తింటుంది. పెళ్ళయిన కొత్తలో అతను ప్యాట్నీ సెంటర్లో తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాడు, కంగారుగా, తనకేదో అయిపోతుందన్నట్టు, భీమవరంలో రోడ్లు లేవా ఏంటి అని నవ్వేది. తలుచుకుంటే ఏడుపు వస్తోంది. దిమ్మ పడింది. ఈసారి చప్పుడు మారింది, కాస్త పొడిగా. లోపలి నుంచి వచ్చిన మట్టి ఎర్రబడింది. “మొరం పడ్డది” అన్నాడొక పనివాడు. మంచిదా కాదా అని అడగబోయి ఊరుకుంది, ఎలాగూ మంచిదనే అంటాడు.

స్కూటరు వచ్చి ఆగింది. పాల్ స్టాండు సరిగ్గా వేయకుండానే దిగాడు, హెల్మెట్ తీయకుండానే గబగబా వచ్చాడు, రాళ్ళ కుప్ప దగ్గర కాలు మడత పడి తూలాడు. అతని చూపు ఆమె మీద లేదు, గొట్టం దిగుతున్న రంధ్రం మీదే ఉంది. ఆ మొహం చూడగానే క్యారల్ ఇన్నాళ్ళూ పేర్చుకున్న మాటలన్నీ నోటికి వచ్చేశాయి, ఇంత భయపడుతున్నాడంటే ఇక సాక్ష్యం ఎందుకు.

“ఈడ ఎవరు దించమన్నరు?” అన్నాడు.

“నేనే. ఏముందండీ ఇక్కడ?”

“ఏం లేదు.”

“ఏం లేనిదానికి బూటుతో చెరిపారా? విజయమ్మ చెప్పింది, ఇక్కడ గుంత పూడ్చారట. మీకు తెలుసు. ఆ భద్రయ్యకూ తెలుసు. ఎవరా భద్రయ్య, లారీలవాడా, బ్రోకరా?”

“ఆ గుంత వెనక వీధిల మేడమ్, పోయినేడు మేమే టెస్టు చేసినం” అన్నాడు పద్మనాభం పక్క నుంచి. ఇద్దరిలో ఒక్కరూ అతని వైపు తిరగలేదు.

పాల్ రాళ్ళ కుప్ప మీద కూర్చున్నాడు. హెల్మెట్ ఇంకా నెత్తినే ఉంది, దాని లోంచి మొహం చిన్నగా, దొరికిపోయిన పిల్లాడి మొహంలా ఉంది. “సిద్ధాంతి” అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. “భద్రయ్య సిద్ధాంతి. వాస్తు చూస్తడు. ఈడ మొత్తం తిరిగి చూసిండు. ఇది నైరుతి మూల క్యారల్. ఈడ గుంత తియ్యొద్దన్నడు, చిన్నది సుత తియ్యొద్దన్నడు. మిగతా జాగల పర్వాలేదన్నంకనే టెస్టుకు సరే అన్న.” దిమ్మ పడింది. అతను దాని చప్పుడుకు కళ్ళు మూసి తెరిచాడు. “చిలకలగూడల ఆ సెప్టిక్ ట్యాంకు ఏ మూలకుండె, యాదికుందా? నైరుతికే. గోడ పడ్డ పదిరోజులకు వీధిల ఎవరో అన్నరు నాతోని, ఆ మూల గుంత ఉంటే ఇంట్ల ఆడమనిషి దక్కదు అని. నేను వాణ్ణి తిట్టి పంపిన. పంపిన గని, ఆ మాట పోలే. అమ్మ పోయింది. ఇగ ఇంట్ల ఆడమనిషంటే నువ్వే కద.”

ఆమెకు నవ్వు రావాలి. కమిటీలో రోనాల్డ్ గారిని నిలబెట్టి కడిగిన నోరు ఇదేనా అని అడగాలి, గేటుకు ప్రార్థన చేస్తావా అన్నది ఎవరు అని అడగాలి. నవ్వు రాలేదు. వీధి వైపు వచ్చి కూర్చున్న వంటగది, ముందుకు పోయిన సంపు, మూల మీద పెట్టిన బరువు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందు మళ్ళీ తిరిగాయి. ఆ ప్లాను నిండా ఉన్నది ఆమె బతకాలన్న ఆరాటమే. ఆమె దాన్ని మోసమని చదివింది. ఒకే గోడ, ఒకే గుంత, అది చూసి తను మట్టిని నమ్మడం మానేసింది, అతను మూలలకు భయపడటం మొదలుపెట్టాడు, ఇద్దరూ ఒకే మంచం మీద అటు తిరిగి ఒకరు ఇటు తిరిగి ఒకరు పడుకుని ఇన్నేళ్ళూ ఎవరి భయం వాళ్ళు దాచుకున్నారు. అతనిది ఇంకా పెద్ద దాపరికం, ఎందుకంటే అతను దేవుడికి కూడా తెలియకుండా దాచాలనుకున్నాడు. నమ్మకం బండ అనుకుంది తను. దాని కింద ఇంత మెత్తగా ఉందని, ఆ మెత్తన అంతా తన కోసమేనని ఎన్నడూ అనుకోలేదు. క్యారల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పనివాళ్ళు చూస్తారని కూడా ఆగలేదు.

“మేడమ్, బండ తగిలింది” అన్నాడు పద్మనాభం. “చూడుండ్రి, ఎంత కొట్టినా దిగుతలేదు. ఇగ మీరు బేఫికర్ ఉండొచ్చు.” దిమ్మ పడుతోంది, ఎగిరిపడుతోంది, గొట్టం కదలడం లేదు. ఏళ్ళ తరబడి వినాలనుకున్న చప్పుడు అది. ఆమె తల ఊపి, మళ్ళీ పాల్ వైపే చూసింది. అతను ఆ రంధ్రాన్నే చూస్తున్నాడు. బండ అతనికి వినపడలేదు.

“నాకు చెప్పొచ్చు కదండీ.”

“నవ్వుతవని.”

అది నిజమే. నవ్వేది. నవ్వి, బడిలో స్టాఫ్ రూంలో కూడా చెప్పేది. “ఇప్పుడు తవ్వేశాం కదా, ఏం చేయాలంటాడో అడగండి. నా ముందే అడగండి” అంది. పాల్ ఆమె మొహం చూసి, ఫోను తీసి నొక్కాడు. హెల్మెట్ అడ్డం వస్తుంటే అప్పుడు తీసి, ఆమెకు వినపడేలా ఫోను స్పీకరులో పెట్టాడు. అవతల ముసలి గొంతు, పక్కన ఎవరో పిల్లలు ఆడుకుంటున్న గోల. “బుగులు పడకుండ్రి సారూ. ఎల్లిన మట్టితోనే పొద్దు గూకకముందు పూడ్చుండ్రి, అయిపాయె. గురువారం ముగ్గు పోసే టైము మాత్రం తప్పనియ్యకుండ్రి, ఆరు కొట్టకముందే పడాలె” అన్నాడు భద్రయ్య.

గురువారం పునాదికి పాస్టరు గారు ప్రార్థన చేస్తారని ఆమెకు తెలుసు. సూర్యుడు మొహం కూడా కడుక్కోని ఆ వేళ ఎందుకో ఇప్పుడు తెలిసింది. పాల్ ఫోను జేబులో పెట్టుకుని, బూటు మీది తెల్లటి మరకను రెండో బూటుతో తుడుస్తూ, “పాస్టరు గారు పొద్దుగాల గంత తొందరేందని అడుగుతున్నరు. ఏం చెప్పాలెనో తెలుస్తలేదు” అన్నాడు.

“నా బడి టైమని చెప్పండి” అంది క్యారల్. “నేనే పట్టుబట్టానని చెప్పండి. వద్దులెండి, రేపు చర్చిలో నేనే చెబుతాను.”

పాల్ తల ఎత్తి ఆమె వంక చూశాడు. ఎగతాళి చేస్తోందా, రేపు పదిమందిలో పరువు తీస్తుందా, ఈ మాట వెనక ఇంకేముంది అని కళ్ళు చిట్లించి వెతుకుతున్న చూపు. ఇన్నేళ్ళూ తను అతన్ని చూస్తూ వచ్చిన చూపు. అది మీద పడితే ఎంత గుచ్చుకుంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“నిజంగానే అంటున్నానండీ” అని, ఆమె పనివాళ్ళ దగ్గరున్న పార అడిగి తీసుకుంది.